తేలిక పాటలు



పాట చెవిని బడినంతనే పాదము తనంతట తాను కదలుట తప్పా యని యెవరైన మమ్మడిగియున్నచో, 2020వ సంవత్సరము వఱకును తప్పే యని నిస్సంశయముగా చెప్పియుండెడివారము. అట్లు చెప్పుటకు మాకు చదువు తోడుపడెను. అది తప్పు కాదని తెలిసికొనుటకును తుదకు ఆ చదువే తోడుపడినది. నడుమ మేము ఇద్దఱు పెద్ద స్త్రీల మనస్సు నొప్పించితిమి. ఆ సంగతి చెప్పుకొన్నగాని ఈ వ్యాసమునకు ప్రయోజనము లేదు.

మా పుట్టినిల్లు ఏలూరు. కృష్ణకాలువయు గోదావరికాలువయు వచ్చి కలిసికొను ఆ పట్టణమున మా తండ్రిగారు తెలుగు పండితులుగా నుండిరి. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట మమ్ము చాపమీద కూర్చుండబెట్టి అమరము, రఘువంశము, భారత భాగవతములు చెప్పెడివారు. సంగీతమన్న మా యింట త్యాగరాజ కీర్తనలు, రామదాసు కీర్తనలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు. సినిమాలలోని పద్యములకును భక్తిగీతములకును అనుమతి కలదు. తాళము వేయించి, భుజము లాడించి, మనస్సును ఉయ్యాల లూపు పాటలకు మాత్రము లేదు. వానికి మా తండ్రిగారు పెట్టిన పేరు ‘తేలిక పాటలు’. ఆ మాట యనునపు డాయన కోపపడెడివారు కారు; చిఱునవ్వు నవ్వెడివారు. ఆ చిఱునవ్వును మేము తీర్పుగా గ్రహించితిమి.

మా తల్లిగారికి వంటయింటి గూటిలో చిన్న రేడియో యొకటి యుండెడిది. అది యెంత మెల్లగా మ్రోగెడిదనగా, తిరగమోత చిటపటలలో దాని గొంతు మునిగిపోయెడిది. మేము గుమ్మములో కాలు పెట్టగానే ఆమె చేయి మీట మీదకు పోయెడిది. తండ్రిగారికి జడిసి అట్లు చేయుచున్నదని మేము తలచితిమి. పెండ్లియై తాడేపల్లిగూడెము కాపురమునకు వచ్చిన పిమ్మట కూడ అట్లే తలచుచుంటిమి.

అత్తవారింట కథ వేఱు. మా యత్తగారు కొల్లేటి లంకలో పుట్టినవారు. బాల్యమున ఫాల్గుణమాసమందు కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి తిరునాళ్లకు తాటిదోనెలలో పోవుచు, ఇంకను రేవు కనబడకమునుపే నీటిమీదుగా తేలివచ్చెడి మైకు పాటలు విని పెరిగినవారు. నీటిమీద వచ్చిన పాట నేలమీది పాటకంటె తియ్యగా నుండునని యామె యిప్పటికి ననుచుందురు. బడిచదువు అయిదవ తరగతితో ఆగినను, పాట మొదట వాద్యము నాలుగు మెట్లు మ్రోగగానే అది ఏ చిత్రములోనిదో, బాణీ కట్టిన దెవరో, పాడినది జిక్కియో, లీలయో, పిఠాపురము నాగేశ్వరరావో చెప్పగలరు. ఉదయము ముగ్గు వేయునపుడు మొదలు రాత్రి మంచము దులుపువఱకు ఆమెకు పాట తోడుండవలెను.

ఒక దసరా పేరంటమునాడు మా వారి బడిలోని ఉపాధ్యాయుల యిల్లాండ్రు మా యింటికి వచ్చిరి. చావడిలో రేడియో హుషారుగా మ్రోగుచున్నది. మాకు సిగ్గు వేసినది. అందఱును వినుచుండగా, “అత్తయ్యగారూ, నలుగురూ వచ్చే వేళ ఈ క్లబ్బు పాటలెందుకండీ? మన యింటి మర్యాదకు తగుతుందా?” అంటిమి. ఆమె లేచి రేడియో కట్టివేసి, తాంబూలముల పళ్లెము చేతికందించి, పెరటిలోనికి పోయిరి. నాటి నుండి మా యింట రేడియో మ్రోగలేదు. ఆమె మాతో మాట మానలేదు, పని మానలేదు. పాట మాత్రము మానిరి. మేము దానిని గెలుపుగా నెంచి ఊరకుంటిమి.

2020వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ఏలూరిలో ఒక వింత వ్యాధి పొడసూపినది మీకు జ్ఞాపకముండును. నడచుచున్నవారు నడచుచున్నట్లే మూర్ఛపోయి పడిరి. కొలది దినములలో ఆఱువందల మందికి పైగా ఆసుపత్రి పాలైరి. అప్పటికే కరోనా చేత బడులు మూతపడి, లోకమంతయు గుమ్మము దాటుటకు జంకుచున్న కాలము. తండ్రిగారు గతించిన పిమ్మట మా తల్లిగా రా యింట ఒంటరిగా నుండిరి. మా వారు వెంటనే పోయి యామెను తాడేపల్లిగూడెము తీసికొనివచ్చిరి. ఆమెకు వ్యాధి సోకలేదు. కాని యెదురింటి పిల్లవాడు వీధిలో పడి కొట్టుకొనుట కన్నులార చూచి, ఆ భయము గుండెలో బెట్టుకొని వచ్చిరి. తినుట లేదు, నిద్ర లేదు. కిటికీ చెంత కూర్చుండి వీధిలో ఎవరు నడచినను తొట్రుపాటుతో చూచెడివారు.

మాకు తెలిసిన వైద్యము మేము చేసితిమి. గజేంద్రమోక్షము చదివితిమి, సుందరకాండ చదివితిమి. ఆమె చేతులు జోడించి వినెడివారు. చదువు ముగిసిన పిమ్మట మరల కిటికీవైపు తిరిగెడివారు. నాలుగవనాటి ఉదయమున మా యత్తగారు గుమ్మము పట్టుకొని నిలిచి, “అమ్మాయీ, కాసేపు రేడియో పెట్టుకోనా?” అని మమ్మడిగిరి. తమ కుమారుని యింట తాము కోడలి నడుగవలసివచ్చెను. ఆ ప్రశ్నలోని బరువు మాకప్పుడు తెలియలేదు. పెట్టుకొమ్మంటిమి.

వచ్చినది ‘రోజులు మారాయి’ చిత్రములోని ఏరువాక పాట. రెండవ చరణము వచ్చునప్పటికి దుప్పటి క్రింద మా తల్లిగారి బొటనవ్రేలు కదలుట చూచితిమి. చరణమునకును పల్లవికిని నడుమ వాద్యములు మ్రోగుచోట, ఆ స్వరముల నామె నోటితోనే తప్పు లేకుండ పలికిరి! మా యత్తగారు తెల్లబోయి, “వదినగారూ, మీకీ పాట వచ్చునా!” అనిరి. “ఇదొక్కటేనా వదినగారూ,” అని యామె నవ్విరి. ఏలూరినుండి వచ్చిన పిమ్మట అదియే మొదటి నవ్వు. మధ్యాహ్నమున ఇద్దఱును ఒకే పళ్లెములో ఉప్పుపిండి తినుచు, ఏ పాట ఏ యేటిదో వాదులాడుకొనుచుండిరి.

ఆ రాత్రి మేము తల్లిగారి కాళ్లకడ కూర్చుండి, “నాన్నగారికి భయపడి ఇన్నేళ్లు ఈ పాటలన్నీ దాచుకున్నావా అమ్మా?” అని యడిగితిమి.

ఆమె చెప్పిన మాట యిది: “మీ నాన్నగారికా? ఆయనకు తెలియని దెప్పుడు? పాట సగములో ఉండగా ఇంటికి వస్తే, అరుగు మీద కూర్చుని చెప్పుల దుమ్ము దులుపుకుంటూ ఉండేవారు. పాట అయిపోయాక ఒకసారి దగ్గి లోపలికి వచ్చేవారు. నేను రేడియో కట్టేసేది నిన్ను చూసి. నీకు ఎనిమిదేళ్లప్పుడు, ‘ఈ పాటలో అర్థమేముందమ్మా?’ అని అడిగావు. నాకు చెప్పడం చేతకాలేదు. చదువుకునే పిల్ల ముందు చులకన కావడమెందుకని ఊరుకున్నాను.”

మాకు నోట మాట రాలేదు. ఒక యింట తల్లియు, మఱియొక యింట అత్తయు మాకు జడిసి పాట నాపుకొనిరి. రెండిండ్లకును మేమే కాపలాదారు లమైతిమి.

ఇక చదువు సంగతి. ‘అర్థమేమున్నది?’ యను ప్రశ్న మేము కనిపెట్టినది కాదు. భరతముని నాట్యశాస్త్రమున నాల్గవ యధ్యాయమందు మునులు సరిగా నిదియే యడుగుదురు. అభినయమునకు అర్థము కలదు. నృత్తమునకు అర్థము లేదు గదా, గీతార్థముతో దానికి సంబంధమే లేనపుడు దానిని సృజించుట యెందుకని వారి సందేహము. భరతుని సమాధానము సూటిగా నున్నది. నృత్తము ఏ యర్థమునకును ఎదురుచూడదు. అది శోభను కలిగించును గనుక పుట్టినది. లోకములో దాదాపు అందఱికిని అది స్వభావము చేతనే ఇష్టము. అది మంగళప్రదము. పెండ్లిండ్లయందు, పురుళ్లయందు, సంతోషము కలిగినపుడు, అభివృద్ధి కలిగినపుడు వినోదము కొఱకది ప్రవర్తిల్లును. పదునాఱవ యేట మా తండ్రిగారు ఈ భాగమును మాకు చెప్పిరి. మేము శ్లోకములు వల్లించితిమి. తల్లి రేడియో మాత్రము మాకు తట్టలేదు.

మఱియొక గ్రంథము కలదు: మతంగముని బృహద్దేశి. దేశి యనగా నేమో చెప్పుచు ఆయన, ఎవరు తమ తమ దేశములలో తమ యిచ్చ చొప్పున ప్రేమతో పాడుకొందురో వారిని వరుసగా పేర్కొనును. స్త్రీలు, బాలురు, గోపాలకులు, రాజులు అని యా వరుస. స్త్రీలు మొదటను, రాజులు కడపటను వచ్చుట ఛందస్సు చేతనైనను కావచ్చును. అయినను మనము సంతోషింపవచ్చును. కాకతీయ గణపతిదేవుని గజసేనాని యగు జాయపసేనాని 1253–54 ప్రాంతమున నృత్తరత్నావళి రచించి, ఎనిమిది యధ్యాయములలో నాలుగు మార్గమునకును నాలుగు దేశికిని సమానముగా పంచిపెట్టెను. కోలాటమును చిందును అందు చోటు చేసికొన్నవి. ఏనుగుల సేనను నడపినవాడు చిందు చులకన యనుకొనలేదు.

పాశ్చాత్యుల నృత్యబాణీ మన కంటగదా యని యనువారికి ముత్తుస్వామి దీక్షితులవారే సమాధానము. 1775 నుండి 1835 వఱకు జీవించిన ఆ మహానుభావుడు ఆంగ్లేయుల బ్యాండు స్వరములు విని, ఆ బాణీలలో సంస్కృత సాహిత్యములు కూర్చెను. ‘నోట్టుస్వరము’లని ప్రసిద్ధికెక్కిన యవి సుమారు 40 వఱకు కలవు, శంకరాభరణ స్వరములలో నడచును, సంగీతము నేర్చు పసిపిల్లలకు నేటికిని నేర్పుచున్నారు. నవావరణ కీర్తనలు రచించిన చేతికి నోట్టుస్వరము తేలిక కాలేదు. మనకే తేలిక యైనది.

సినిమాపాట చేసినదియు నిదియే. వియన్నా నగరమున మెఱసిన వాల్ట్‌జు నృత్యపు మూడుమాత్రల నడక మన తిశ్రగతికి చుట్టము. ఆ నృత్యము ఇంగ్లండులో ప్రవేశించినపుడు 1816లో లండను టైమ్సు పత్రిక అది మర్యాదకు భంగమని గోల పెట్టెను. పేరంటమునాడు మేము పెట్టిన గోల అంతకంటె కొత్తది కాదు. క్యూబా ద్వీపమునుండి రుంబా, చాచాచా వచ్చినవి. అమెరికానుండి ట్విస్టు వచ్చినది. చెన్నపట్టణపు స్టూడియోలలో మనవారు వాని ప్రక్కన డోలక్కును తబలాను కూర్చుండబెట్టిరి. మాండొలిను, క్లారినెట్టు, అకార్డియను, వీణ ఒకే పాటలో ఇరుగుపొరుగువలె కాపురము చేసినవి. సాలూరి రాజేశ్వరరావుగారి ‘మిస్సమ్మ’ పాటలలో శాస్త్రీయ రాగమునకు నవ్వుమొగము వచ్చినది. తాతినేని చలపతిరావుగారు ‘గూఢచారి 116’ వంటి చిత్రములకు పడమటి తాళములతో హుషారు పాటలు కట్టిరి.

ఏరువాక పాట కథ విన్నచో తేలిక పాట ఎంత దూరము పోగలదో తెలియును. 1955లో వచ్చిన ఆ చిత్రమునకు బందరు వాసులగు మాస్టర్ వేణుగారు సంగీతము కూర్చిరి. వ్రాసినది కొసరాజుగారు, పాడినది జిక్కిగారు, ఆడినది అప్పటికింకను హిందీ చిత్రసీమ యెఱుగని వహీదా రెహమాను. మఱుసటి యేడు ఆ బాణీయే ‘మధురైవీరన్’ అను తమిళ చిత్రమున వినబడెను. 1960లో సచిన్‌దేవ్ బర్మనుగారి ‘బంబై కా బాబు’ ద్వారమున హిందీవారి నోట ఆడెను. తొలకరి చినుకునకు దుక్కి దున్నువాని పదము, సామాను మూట లేకయే దేశమంతయు తిరిగి వచ్చినది. బరువుగా నున్నచో అంత దూరము పోగలిగెడిదా?

అట్లని తేలిక పాట కట్టుట తేలిక కాదు. ఆనాటి గ్రామఫోను పళ్లెములో ఒక ప్రక్కకు పట్టునది సుమారు మూడు నిమిషములు. ఆ మూడు నిమిషములలోనే పల్లవి మనస్సున నాటవలెను, చరణము విసుగు పుట్టింపరాదు, నడిమి వాద్యములు మరల పల్లవికి దారి చూపవలెను. గారెపిండిలో నీరు ఒక చుక్క యెక్కువైనను చెడును, తక్కువైనను చెడును. తినువానికి మాత్రము అది తేలిక.

ఆ పాటలు మన తల్లుల చెవిని చేరుట కూడ తేలికగా జరుగలేదు. 1952లో కేంద్ర ప్రసారశాఖామాత్యులైన కేస్కరుగారు సినిమాపాటలను ఆకాశవాణినుండి దాదాపు తొలగించిరి. వారి యభిప్రాయమును మా బాల్యపు టభిప్రాయమును ఒక్కటే. ప్రజలు వాదింపలేదు, రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పిరి. ఆ సముద్రము దాటి తెలుగు పాటలును వచ్చెడివి; మీనాక్షి పొన్నుదురైగారి కంఠము మా తల్లిగారి తరమువారికి చుట్టముల కంఠమువలె పరిచితము. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన ప్రభుత్వమే వివిధభారతిని నెలకొల్పవలసివచ్చెను.

ఇతర దేశములయందును ఇదియే తంతు. మాంటొవాని వాద్యబృందపు మెత్తని బాణీలను, బర్ట్ బకరాక్ పాటలను ఒకప్పుడు పండితులు తేలిక యని త్రోసిపుచ్చిరి. 1990 ప్రాంతపు యువకులు తాతల పెట్టెలనుండి ఆ పళ్లెములను వెదకి తీసి మరల విని మురిసిరి. మన ‘గుమ్నామ్’ (1965) లోని నృత్యగీతము 2001లో ‘ఘోస్ట్ వరల్డ్’ అను అమెరికా చిత్రమునకు నాంది యైనది. అందులో ఒక ఒంటరి బాలిక తన గదిలో ఆ పాట చూచుచు ఆడును. భాష తెలియదు, అర్థము తెలియదు, శోభ తెలిసినది.

తేలిక పాట పేర వచ్చునదంతయు మేలని మా భావము కాదు. స్త్రీని సంతలోని సరుకువలె వర్ణించు మాటలు కలవు. వాని బాణీ యెంత బాగున్నను మా యింట మీట త్రిప్పుదుము. రాత్రి రెండు జాములవేళ మైకు పెట్టి పరీక్షకు చదువు పిల్లలను రోగులను వేధించుట వినోదము కాదు. వేఱొక మాట కూడ చెప్పవలెను. ఏలూరు చెంత కొవ్వలిలో 1960లో పుట్టిన పిల్ల సిల్క్ స్మిత యను పేర దక్షిణదేశమున క్లబ్బు నృత్యములకు ప్రసిద్ధురాలై, 1996లో 35 ఏండ్ల వయస్సున చెన్నపట్టణమున మరణించెను. ఆమె యాడిన పాటలకు ఈలలు వేసినవారే ఆమెను తమ గడపలో నడుగుపెట్టనిచ్చెడివారు కారు. ‘క్లబ్బు పాట’ యని పేరంటమునాడు మేము మూతి ముడిచినపుడు మా మాటలో ఆ గడపయే యుండెను. పాట చులకన యని తలచువారు మొదట చులకన చేయునది పాటను కాదు, పాడు స్త్రీని, ఆడు స్త్రీని, విను స్త్రీని.

మరునాటి యుదయమున మేము మా యత్తగారి కడకు పోయి, దసరానాటి మాట తప్పైనదని చెప్పితిమి. ఆమె చిక్కుడుకాయల యీనెలు తీయుచు, “ఏ మాటే? నాకు గుర్తు లేదు,” అనిరి. గుర్తున్నదని మాకు తెలియును. గుర్తున్నదని మాకు తెలిసిన సంగతి యామెకును తెలియును. “ఆ రేడియో కాస్త ఇలా జరుపు,” అని మాత్రము అనిరి. మేము జరిపితిమి.

భక్తిగీతము మనలను దేవుని కడకు తీసికొనిపోవును. కావ్యము మనలను మనకంటె గొప్పవారి కడకు తీసికొనిపోవును. తేలిక పాట ఎక్కడికిని తీసికొనిపోదు. ఉన్నచోటనే, చేతిలో గరిటె యుండగానే, బ్రతుకును మూడు నిమిషములు చేతికందిచ్చును. భయముతో బిగిసిన ప్రాణమునకు ఒక్కొక్కపుడు కావలసినదంతే. గజేంద్రమోక్షము మా తల్లిగారిని నిలిపినది కాదా యని మీరడుగవచ్చును. నిలిపియే యుండును. కాని ఆమె బొటనవ్రేలిని కదలించినది ఏరువాక.

మీ యిండ్లలో ఎవరి చేయియైన మిమ్ము చూచి మీట మీదకు పోవుచున్నదేమో ఒకసారి గమనింపుడు. అది అత్తగారి చేయి కావచ్చును, కోడలి చేయి కావచ్చును, వంటమనిషి చేయి యైనను కావచ్చును. మాటతో చెప్పనక్కఱలేదు, ఆ పాట పేరేమో అడుగుడు, చాలును.

మా తల్లిగారు సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఏలూరు తిరిగి పోయిరి. మేము వెళ్లినపుడు ఇప్పుడు వీధిమొగలోనే పాట వినబడును. మా తండ్రిగారివలె అరుగు మీద కూర్చుండి పాట ముగియువఱకు వేచియుండుట మాకు చేతకాదు. తిన్నగా వంటయింటిలోనికే పోవుదుము. ఆమె చేయి మీట మీదకు పోదు.